బొటనవేళ్ల క్లాసు

పంజాగుట్ట బట్టల షాపులో నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తున్నా, చంద్రిక సాయంత్రం ఆన్‌లైన్‌లో జరిగే డేటా అనలిటిక్స్ క్లాసు ఒక్కటీ వదిలేది కాదు. యూసుఫ్‌గూడ హాస్టల్ గదిలో ఫోను గోడకు ఆనించుకుని వినేది, తెలియనిది అడిగేది. అదే మిగతావాళ్లకు కంటగింపయింది. "నీ డౌట్లతోని క్లాస్ లేటైతుంది, జర ఆపు తల్లీ" అని గ్రూపులో పెట్టారు. పక్క మంచం రవళిది కూడా అదే బ్యాచు. క్లాసు తెరిచి, సౌండు తీసేసి, ఇంకో ఫోనులో రీల్స్ చూస్తూ పడుకునేది.

ఇక లాభం లేదనుకుని ఒకరోజు చంద్రిక షాపు కాగానే నేరుగా అమీర్‌పేటలోని ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్లింది. ఖాళీ బెంచీల ముందు అచ్యుతరావు మాస్టారు లాప్‌టాప్‌కు పాఠం చెబుతున్నారు. గొంతు బొంగురుపోయింది. చప్పుడు చేయకుండా ఆమె ముందు బెంచీలో కూర్చుంది.

"అర్థమైందా అందరికీ?" అన్నారాయన, అలవాటుగా చాట్‌లోనూ అదే టైపు చేస్తూ. తెర మీద నల్లటి గళ్లలోంచి బొటనవేళ్ల బొమ్మలు బిలబిలా లేచాయి.

డౌటు అడుగుదామని దగ్గరికెళ్లిన చంద్రికకు మైకు గుర్తు మీద ఎర్రగీత కనిపించింది.

"సార్, మైక్ బంద్ ఉన్నది."

ఆయన ముఖం పాలిపోయింది. "మొదట్లో ఫోనొస్తే నేనే ఆపానమ్మా. అంటే ఇంతసేపూ..."

మైకు వేసి అడిగారు: "ఇప్పటిదాకా నా మాట వినిపించిందా?"

చాట్‌లో జవాబులు వరుసకట్టాయి: ఎస్ సార్. క్లియర్ సార్. వాటి మధ్య రవళి పేరుతో, సూపర్ క్లాస్ సార్.

ఎంగిలి విస్తట్లో చెయ్యి పడ్డట్టు చంద్రికకు ఒళ్లంతా జలదరించింది. ఇన్నాళ్లూ ఈ గళ్లలోనే ఒకటిగా ఉన్నానా అనుకుంది.

"ఇంకెవరికి చెప్పమంటావు?" అన్నారు మాస్టారు, కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతూ.

"నాకు చెప్పున్రి సార్. నేనొచ్చిన గద."

ఆయన లాప్‌టాప్ మూసేసి, మార్కర్ తీసుకుని, పాఠం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

గదికి చేరాక చంద్రిక అడిగింది: "ఇయ్యాల సార్ ఏం చెప్పిండే?"

"మస్తు చెప్పిండు" అంది రవళి ఫోనులోంచి తలెత్తకుండా. "మధ్యల నెట్ పోయినట్టుంది. అయినా సర్టిఫికెట్ వస్తది గద, ఫికర్ ఎందుకు?"

ఆ రాత్రి చంద్రిక రవళితో కలిసి తినలేకపోయింది. గ్రూపులోంచి బయటికొచ్చేసింది. మర్నాటి నుంచి షాపు వదలగానే అమీర్‌పేట బాట పట్టింది.