స్వీడన్ మంత్రి గురించి నా భార్య ఆపేసిన ప్రసంగం

రెండువేల ఎనిమిది ప్రాంతంలో మేం అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుంటూరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన నా భార్యకు ఇక్కడి వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. రోజూ లైబ్రరీకి నడిచి వెళ్లి, రెండేళ్లపాటు ఒకే మనిషి గురించి చదివింది. ఆయన పందొమ్మిదో శతాబ్దపు స్వీడన్ దౌత్యవేత్త. చిన్న ఉద్యోగిగా చేరి, వియన్నాలో రాయబారిగా పనిచేసి, విదేశాంగ మంత్రి అయ్యాడు. డెన్మార్క్‌కి సైన్యం పంపుతానని రాజు తొందరపడి మాట ఇచ్చేస్తే, పంపలేమని చెప్పే పని ఈయన నెత్తిన పడింది.

"పరువు పోయే పనిని ఎంత మర్యాదగా చేశాడో చూడండి," అనేది అన్నం వడ్డిస్తూ. నేను టీవీ చూస్తూ ఉండేవాణ్ణి.

ఒకరోజు లైబ్రరీ వాళ్లు, ఊరికి అవతలున్న తమ పెద్ద లైబ్రరీలో ఆమెను ప్రసంగించమన్నారు.

"మీరు రావద్దులెండి. మీరుంటే నాకు కంగారు," అంది.

"డ్రైవ్ ఎవరు చేస్తారు మరి? వస్తాలే."

ఆ వారమే ఆఫీస్ మీటింగ్‌లో మా మేనేజర్ నన్ను మధ్యలో ఆపి, నీ మాట అర్థం కావట్లేదు, ఈమెయిల్ పెట్టెయ్ అన్నాడు. ఇంట్లో చెప్పలేదు.

శనివారం హాల్లో ఇరవైమంది దాకా ఉన్నారు. ఆమె కాగితం చూడకుండా చక్కగా మాట్లాడుతోంది. మిత్రదేశం అనడానికి ఇంగ్లీషులో "అల్లీ" అంది. నేను వెనక వరుసలోంచి అందరికీ వినబడేలా, ఇంగ్లీషులోనే, "అల్లీ అంటే సందు. మిత్రదేశమైతే ఆలై అనాలి," అన్నాను. కొందరు నవ్వారు. ఆమె సరిదిద్దుకుని కొనసాగించింది. "డానిష్" అనగానే మళ్లీ అందుకున్నాను. "డేనిష్."

మూడోసారి నేను నోరు తెరిచేలోపే ఆమె ఆగిపోయింది. కాగితాలు మడిచి, థాంక్యూ అని కూర్చుంది. మంత్రి కథ సగంలోనే ఉంది. ముందు వరుసలోని ముసలావిడ నా వైపు తిరిగి, "నాకు అంతా అర్థమైంది," అంది. సిగ్గుపడాల్సింది. పడలేదు. నాలుగు రోజులుగా లోపల బిగుసుకున్నదేదో వదులైనట్టు హాయిగా అనిపించింది.

కార్‌లో ఆమె ఒక్కటే అడిగింది.

"మిమ్మల్ని ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"నన్నెవరంటారు?" అన్నాను.

సోమవారం ఆమె పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేసింది. తర్వాత గ్రీన్‌కార్డు వచ్చింది, స్కూల్లో ఉద్యోగమూ వచ్చింది. పిల్లలకు బాగా చెబుతుందని అందరూ అంటారు. నేనెప్పుడూ వినలేదు. ఆమె ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు నేను గదిలోకి వెళ్తే, "మళ్లీ చేస్తాను," అని పెట్టేస్తుంది.