మనూర్ రోడ్డులో వెలుగు తగ్గిన చోటు

తొంభైల్లో మా ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులకు పరిశోధన అవకాశం అంత తేలిగ్గా దొరికేది కాదు. మా ప్రొఫెసర్ దగ్గర రెండే సీట్లు. వైర్‌లెస్‌ది క్లాస్ ఫస్ట్ అబ్బాయి తన్నుకుపోయాడు. మిగిలిన ఆప్టికల్ ఫైబర్ సీటు కావాలంటే, నారాయణఖేడ్ నుంచి మనూర్ దాకా పాతిన కేబుల్లో వెలుగు ఎక్కడ, ఎందుకు తగ్గుతోందో కనిపెట్టి రమ్మన్నారు సార్. వెలుగు ఎంత దూరంలో పడిపోతోందో చూపే మీటరు ఒక్క రోజుకే ఇచ్చారు.

పొద్దున ఐదింటికి హైదరాబాద్‌లో బస్సెక్కాను. సంగారెడ్డి, జోగిపేట, శంకరంపేట మీదుగా నాలుగు గంటల పైనే పట్టింది. టికెట్ ముప్పై రూపాయల లోపే. మీటరు పెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంటే, దానికీ టికెట్ కొట్టాలా అని కండక్టర్ ఆటపట్టించాడు. నారాయణఖేడ్ టెలిఫోన్ ఆఫీసులో కేబుల్ చివరకు తగిలించగానే, తొమ్మిది కిలోమీటర్ల దగ్గర వెలుగు పడిపోతోందని మీటరు చూపించింది. అక్కడ కేబుల్ అతుకు ఉండాలి. లైన్‌మన్ యాదయ్య, ఇద్దరు కూలీలతో జీపులో బయల్దేరాను.

కిలోమీటరు రాళ్లు లెక్కబెట్టి, మహా ధీమాగా ఇక్కడే తవ్వమన్నాను. ఛాతీ లోతున కేబుల్ దొరికింది, అతుకు లేదు. ఇంకో చోట తవ్వారు, అక్కడా లేదు. అతుకుల దగ్గర పాతిన గుర్తురాళ్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయాయన్నాడు యాదయ్య. రెండయింది. ఐదింటికి నా బస్సు. సీటు చేజారిపోయిందనుకుని ఏడుపొచ్చేసింది.

పక్క కంది చేలో కలుపు తీస్తున్న సాయవ్వ అనే ఆవిడ మా దగ్గరికొచ్చి సంగతేమిటని అడిగింది. కేబుల్ కోసం తవ్విన ముఠాలో తనూ ఉందట.

"రాళ్ల లెక్క పడితే దొరుకుతదా బిడ్డా? అతుకు అతుకు కాడ మనిషి కూసునేంత గుంత తవ్విపిచ్చిన్రు. తీగను సుట్టలు సుట్టి గా గుంతలనే పెట్టిన్రు. గా సుట్టల లెక్క ఏసినవా?"

వేయలేదు. మీటరు చెప్పేది కేబుల్ పొడవు, నేను కొలిచింది రోడ్డు పొడవు. ఆమె చెప్పిన ప్రకారం దారిలోని నాలుగు గుంతల్లోనూ ముందుముందు మరమ్మతుకు పనికొస్తుందని ఇరవై మీటర్ల చొప్పున కేబుల్ చుట్టి పెట్టారు. నేను ఎనభై మీటర్లు దాటి వచ్చేశాను! సాయవ్వ వెనక్కి నడిచి కొడవలితో గీత గీసింది. "ఈ గుంత మేమే తవ్వినం."

అతుకు అక్కడే ఉంది. లోపల ఒక గాజు పోగు నొక్కుకుపోయి వంగింది. యాదయ్య దాన్ని సరిచేస్తుంటే సాయవ్వ నాకు సగం జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆఫీసుకొచ్చి మళ్లీ చూస్తే వెలుగు నిలకడగా ఉంది. పరుగున బస్సందుకున్నాను.

సీటు నాకే వచ్చింది. చుట్టల సంగతి ఏ పుస్తకంలోదని అడిగిన సార్‌కు సాయవ్వ పేరు చెప్పాను. నా రిపోర్టు కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు తన పేరుకంటే పైన రాయమన్నారు. ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. రిపోర్టు పట్టుకుని మళ్లీ నారాయణఖేడ్ వెళ్లి, ఆ పేజీ సాయవ్వకు చదివి వినిపించాను. ఎంత పొంగిపోతుందో అనుకున్నాను. ఆమె పేజీ మీద వేలుపెట్టి, "మా ఆయన పేరేది బిడ్డా? గుంత ఇద్దరం తవ్వినం" అంది.

ఆయన పేరు అడిగి, అక్కడే పెన్నుతో చేర్చాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: అక్కడి భూమిని తవ్వినవాళ్లెవరో ముందు కనుక్కోండి, అందరి పేర్లూ రాసుకోండి.