మీరు మాత్రం రాకండి

వేషం వేసుకున్న మనిషిని థర్మన్ స్కార్ గారు గుర్తుపట్టరు. కట్టుకున్న భార్యే అయినా సరే, మూతికి నాలుగు మీసాలు గీసుకుని ఎదురొస్తే, "తమరెవరో తెలియలేదు, ఏ ఊరండీ?" అని అడుగుతారు. అదీ వేళాకోళంగా కాదు. కొత్త చుట్టాన్ని అడిగినంత మర్యాదగా.

విస్కాన్సిన్‌లో మాది చిన్న ఊరు. థర్మన్ గారు ఇక్కడి చీజ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశారు. ఏటా అక్టోబరు ఆఖరి రోజున, వేషాల పండగ హాలోవీన్‌కి, ఉయ్యాల్లో పిల్ల మొదలుకొని తొంభై దాటిన ముసలమ్మ దాకా ఊరందరినీ ఇంటికి పిలుస్తారు. కార్డులు స్వయంగా రాసి గుమ్మం గుమ్మానికీ తగిలించి వస్తారు. వాటి మీద ఇరవై రెండేళ్ళుగా ఒకటే మాట: "ఎవరైనా రావచ్చు. మీరు మాత్రం రాకండి."

మొదటి ఏడు మా పాస్టర్ నైలాండ్ గారు ఆ మాట అర్థం కాక మామూలు కోటుతోనే వెళ్ళారు. థర్మన్ గారు గుమ్మంలోనే ఆపేశారు.

"పాస్టరుగారూ, మిమ్మల్ని రావద్దని రాశాను కదండీ!"

నొచ్చుకుంటూనే లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చి, రెండు కంతలు కత్తిరించి ఆయన నెత్తిన కప్పారు. కప్పిన మరుక్షణం థర్మన్ గారి ముఖం విప్పారింది. "రండి దెయ్యంగారూ, రండి! ఊరికి కొత్తా?" అంటూ చెయ్యి కలిపారు. వేడి ఆపిల్ రసం చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. "ఒక ఆదివారం మా చర్చికి రండి. మా పాస్టరు బంగారం. ఒక్కటే, ప్రసంగం నలభై నిమిషాలు. సగం అయ్యాక మేమంతా దేవుణ్ణి వదిలేసి, పొయ్యిలో పెట్టొచ్చిన మాంసాన్ని తలుచుకుంటాం."

దెయ్యం పొలమారి దగ్గింది. ఆ ఆదివారం ప్రసంగం పంతొమ్మిది నిమిషాల్లో ముగిసింది.

నేను బాతు వేషంలో వెళ్ళిన ఏడు నాకూ ఒక సంగతి తెలిసింది. ఆదివారం బడి టీచరమ్మ పాట మరీ పైన ఎత్తుకుంటుందనీ, పిల్లలు అందుకోలేక గోడ మీద పిల్లుల్లా అరుస్తున్నారనీ ఆయన ఎంతో బాధగా బాతుతో చెప్పుకున్నారు. ఆ టీచరమ్మను నేనే. అప్పటినుంచి కిందనే ఎత్తుకుంటున్నాను.

ఆయన భార్య ఇర్మా గారు ఏటా పిల్లి. ఒకసారి ఆయన ఆ పిల్లికే డోనట్ల పళ్ళెం అందిస్తూ, "ఇవి మా ఆవిడ చేసినవండీ. అలాంటి మనిషి ఈ జిల్లాలో లేదు," అన్నారు.

"ఆ మాట ఆవిడతో ఎప్పుడైనా చెప్పారా?" అంది పిల్లి.

"అమ్మో! చెప్తే నెత్తికెక్కదూ?"

ఇక ఆ ఇంటి ఏర్పాట్లు ప్రతి ఏడూ చూసి తీరాల్సిందే. దూలానికి దారాలు కట్టి డోనట్లు వేలాడదీస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే అందుకోవాలి. ఆ దారాలు అందరికీ ఒకే ఎత్తున ఉండవు. పాకే పిల్లకి ఒక ఎత్తు, పొడుగువాడికి ఒక ఎత్తు, చక్రాల కుర్చీలో వచ్చే హెడ్విగ్ అత్తకు ఒక ఎత్తు. వారం ముందే కొలతలు తీసి పెట్టుకుంటారు. చీకటి గదిలో ఒలిచిన ద్రాక్షపళ్ళ గిన్నె పెట్టి "ఇవి కళ్ళు, ముట్టుకోండి" అంటారు. అయిదేళ్ళలోపు వాళ్ళకు మాత్రం అదే గదిలో దీపం వెలిగించి, ముందు ద్రాక్షపళ్ళు తినిపించి, తర్వాత కళ్ళంటారు. ఒక్క మనిషి ఇంతమంది భయాలను ఇంత ఓపికగా కొలవడం నేనింకెక్కడా చూడలేదు.

కానీ ఈ గుర్తుపట్టకపోవడం మాత్రం ఉత్త పిల్లచేష్టే అనుకునేదాన్ని, మొన్నటి అక్టోబరు దాకా.

ఆ నెల మొదట్లో మంచు పడిన ఉదయాన మా బడి బస్సుకు జింక అడ్డొచ్చింది. బస్సు గిర్రున తిరిగి కాలవలోకి జారింది. పదకొండు మంది పిల్లలు. దేవుడి దయవల్ల ఒక్కరికీ గీత కూడా పడలేదు. డ్రైవరు డ్వేన్ ఫెల్క్ ఇరవై ఆరేళ్ళుగా పిల్లలు దిగేటప్పుడు ఒక్కొక్క నెత్తి మీద వేలు ఆనించి లెక్కపెట్టుకునే మనిషి. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాడట. తర్వాత నేరుగా బడికి వెళ్ళి తాళంచెవి బల్ల మీద పెట్టి, ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. ఎవరు తట్టినా తియ్యలేదు. చర్చికీ రాలేదు. నవంబరు మొదటి సోమవారంలోగా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని బడివాళ్ళు కబురు పెట్టారు.

"మీరైనా వెళ్ళి చెప్పండి," అన్నాను థర్మన్ గారితో.

"నేనేం చెప్పను? అందరికీ పంపినట్టే కార్డు పంపాను."

"'మీరు మాత్రం రాకండి' అనా? ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి?"

"వాడికి కావలసిందదేనమ్మా," అని ఆయన దారాలు కొలుచుకోసాగారు.

ఆ ఏడు హాలోవీన్ శనివారం పడింది. సాయంత్రం అయిదింటికి ఇల్లు కిటకిటలాడుతోంది. ఆ గుమ్మంలో ఒక దిష్టిబొమ్మ నిలబడింది. నెత్తిన గోనెసంచి, మెడ చుట్టూ గడ్డి, ఇంకో అడుగు వేస్తే పారిపోయేలా ఉంది. అంతలో పిల్లలు దాని పక్కనుంచి లోపలికి పరుగెత్తారు. దిష్టిబొమ్మ వేలు దానంతటదే లేచి ఒక్కొక్క నెత్తినీ తాకింది.

ఇర్మా గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మిగిలినవాళ్ళంతా గబగబా డోనట్ల వైపు తిరిగిపోయారు.

"రండి దిష్టిబొమ్మగారూ!" అన్నారు థర్మన్ గారు. "ఏ పొలం మీది?"

"అవతలి పొలం," అంది సంచిలోని గొంతు.

"కూర్చోండి. మా ఊళ్ళో డ్వేన్ అని ఒక మొండివాడున్నాడు. ఎరుగుదురా?"

"ఏదో... కొంచెం."

"పాపం, ఈ ఏడు రాలేదు." థర్మన్ గారు పక్కనున్న మంత్రగత్తె వైపు తిరిగారు. ఆ రోజు బస్సులో ఉన్న టిల్డా వాళ్ళమ్మ ఆ మంత్రగత్తె. డ్వేన్ ఎవరి ముఖమైనా చూడలేక తలుపేసుకున్నాడంటే అది ఆవిడ ముఖమే. "మీరేమంటారండీ అతని గురించి?"

మంత్రగత్తె తన టోపీ సర్దుకుంది. "ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఒక చేత్తో నా బిడ్డను సీట్లో అదిమి పట్టుకున్నాడండీ. ఆ మనిషి నడపని బస్సు నా పిల్ల ఎక్కదు. బడికి నడిచే పోతుంది, అయిదు మైళ్ళు."

"నేను నడవను!" అని తేనెటీగ వేషంలో ఉన్న టిల్డా అరిచింది. "బస్సు బొంగరంలా తిరిగింది తెలుసా? మళ్ళీ తిప్పమని అడుగుదామంటే డ్వేన్ మామే రావట్లేదు!"

దిష్టిబొమ్మ సంచిలోకి చెయ్యి దూర్చి కళ్ళు తుడుచుకుంది. "గడ్డి," అంది. "కంట్లో పడింది."

"దిష్టిబొమ్మకి గడ్డి పడదంటే ఎలాగండీ!" అని థర్మన్ గారు ఎంతో ఆశ్చర్యపోయి దాన్ని దారాల దగ్గరికి నడిపించారు. అక్కడ ఒక డోనట్ సరిగ్గా దాని ఎత్తుకు వేలాడుతోంది. దారం వారం ముందే కొలిచి పెట్టినది.

సంచి ముక్కు దాకా ఎత్తి అది ఆ డోనట్ అందుకుందో లేదో, చంటిపిల్ల కుచ్చుటోపీ పెట్టుకున్న హెడ్విగ్ అత్త గొంతెత్తింది. "ఒరే డ్వేన్! గడ్డం తుడుచుకోరా!"

అందరం థర్మన్ గారి వైపు చూశాం.

"అత్తా, మీరు ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారు," అన్నారు థర్మన్ గారు. "పెద్దవయసు కదా."

"నెలల పిల్లని, నాకు వయసేమిట్రా!" అంది అత్త.

ఇల్లంతా గొల్లుమంది. సంచిలోంచి వచ్చిన నవ్వు అన్నింటికన్నా పెద్దది.

సోమవారం ఉదయం బస్సు వచ్చి ఆగింది. థర్మన్ గారూ నేనూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నాం.

"డ్వేన్! శనివారం రాలేదేంరా? ఎంత మంచి దిష్టిబొమ్మ వచ్చిందో! తొమ్మిది డోనట్లు తినిపోయింది."

"ఆరే అని విన్నాను," అన్నాడు డ్వేన్, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. అతని కాలరులో ఇంకా ఒక గడ్డిపరక ఉంది. థర్మన్ గారు కిటికీలోంచి చెయ్యి పెట్టి దాన్ని తీసి, గాలికి వదిలేశారు.

అన్నీ ఎరిగీ ఎరగనట్టు గుమ్మం తెరిచి ఉంచేవాడు పైనున్న దేవుడొక్కడే అనుకున్నాను ఇన్నాళ్ళూ. బస్సు మలుపు తిరిగాక, ఉండబట్టలేక అడిగాను.

"నిజం చెప్పండి. ఇన్నేళ్ళూ మీరు మమ్మల్ని అందర్నీ గుర్తుపడుతూనే ఉన్నారా?"

"మిమ్మల్నా?" అన్నారాయన. "మీరెప్పుడూ రానేలేదు కదమ్మా! అన్నట్టు, ఒక బాతు వచ్చేది. ఈమధ్య బాగా పాడుతోందట."