డాబా మీద ఎవరూ లేని మధ్యాహ్నం

దెయ్యాల కథలు చాలా చదివాను కానీ, ఏ ఒక్కటీ నమ్మి చదవలేదు. ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు తటపటాయించాను.

మాది నిడదవోలు. మా అన్నయ్య సైన్యంలో ఉన్నాడు. పోయినేడాది అన్నయ్యని మంచుకొండల్లో, సరిహద్దు పోస్టులో వేశారు. ఎదుటి కొండ మీద అవతలి దేశం వాళ్ళు. కాల్పులు జరిగాయని తెలిసిన రోజు అమ్మ టీవీ కట్టేసి, అన్నయ్య ఫోను వచ్చేదాకా ఏ పనీ ముట్టుకునేది కాదు.

కాల్పుల గురించి అన్నయ్య చెప్పడు. అడిగితే "దీపావళే" అని మాట మార్చేస్తాడు. రోజువారీ సంగతులు మాత్రం ఓపిగ్గా చెబుతాడు. డబ్బాలో మంచు నింపుకొచ్చి స్టవ్ మీద కరిగిస్తేనే తాగడానికి నీళ్ళు. తడిసిన మేజోళ్ళు చొక్కా లోపల పెట్టుకుని ఒంటి వేడికే ఆరబెట్టుకోవాలి. కోడిగుడ్డు రాయిలా గడ్డకట్టుకుపోతుంది. సాయంత్రమైతే ఒకరి కాలివేళ్ళు ఒకరు చూసుకుంటారట, చలికి నల్లబడ్డాయేమోనని. "రోజూ పెళ్ళిచూపులే" అని నవ్వేవాడు.

అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. యుద్ధం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా తెలియనిది నాకు ఆ మేజోళ్ళ వల్ల తెలిసింది.

చిన్నప్పుడు మా డాబా మీద వడియాలు ఎండబెడితే కాకుల కాపలా అన్నయ్యది. అన్నానికి పిలవడం నా పని. వీధంతా వినబడేలా అరవాలంటే నాకు సిగ్గు. అందుకని మెట్ల దగ్గర నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేదాన్ని. మొదట నెమ్మదిగా, చివర గబగబా. పక్కనే గూడ్సు రైలు వెళ్తున్నా సరే, అన్నయ్య ఆ చప్పుడు పట్టుకుని దిగొచ్చేవాడు.

మొన్న మాఘమాసంలో అమ్మ గుమ్మడి వడియాలు పెట్టింది. నల్లగుడ్డ కట్టిన కర్ర తప్ప వాటికి కాపలా ఎవరూ లేరు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్నదాన్ని, ఉన్నట్టుండి పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గరికెళ్ళి కొట్టాను. ఎందుకో తెలియదు. అన్నయ్య ఉద్యోగంలో చేరాక నేను పళ్ళెం కొట్టింది లేదు.

"పైన ఎవరున్నారే? వడియాలు దిగొస్తాయేంటి అన్నానికి?" అంది అమ్మ వంటింట్లోంచి.

సిగ్గేసి పళ్ళెం దించేశాను.

మర్నాడు అన్నయ్య ఫోను చేశాడు. అమ్మతో మాట్లాడాక నన్ను పిలిచాడు.

"అమ్మడూ, నిన్న మధ్యాహ్నం పళ్ళెం కొట్టావా?"

కొట్టానన్నాను. "సర్లే, వినబడింది" అని ఫోను పెట్టేశాడు.

మిగతాది ఇప్పుడు సెలవు మీద వచ్చాక, డాబా మీద కూర్చుని చెప్పాడు. ఆ రోజు మంచు నింపే వంతు తనది. అంత ఎత్తులో నాలుగడుగులు వేసినా ఆయాసమేనట. డబ్బా మీద కూర్చుంటే కళ్ళు మూతలు పడ్డాయి. అప్పుడు పళ్ళెం మోగింది. మొదట నెమ్మదిగా, చివర గబగబా. అన్నం వేళయిందనుకుని లేచి బంకర్లోకి వెళ్ళాడు. లోపల ఇంకా స్టవ్ వెలిగించనే లేదు. ఎవరూ ఏమీ కొట్టలేదు. ఆకలికి చెవులు మోగాయా అని తోటివాళ్ళు ఏడిపిస్తుండగానే, బయట కొండవాలు మీంచి మంచు విరిగిపడింది. తను కూర్చున్న చోటు కనబడకుండా పోయింది. డబ్బా మళ్ళీ దొరకలేదు.

"అమ్మకి చెప్పకు. మంచి డబ్బా అది" అన్నాడు.

నిద్రమత్తులో అన్నయ్యకి చిన్నప్పటి చప్పుడు గుర్తొచ్చి ఉండొచ్చు. నేనూ పరధ్యానంలో కొట్టి ఉండొచ్చు. విడివిడిగా అయితే రెండిటికీ కారణం చెప్పగలను. రెండూ ఒకే మధ్యాహ్నం ఎలా జరిగాయన్నదే ఇప్పటికీ అంతుపట్టదు.

ఇది రాస్తుంటే అన్నయ్య పైన కాపలాలో ఉన్నాడు. కాకులకంటే తనే ఎక్కువ వడియాలు తింటున్నాడని అమ్మ ఫిర్యాదు. ఎల్లుండి తిరుగు ప్రయాణం. వెళ్ళాక కూడా రోజూ మధ్యాహ్నం పళ్ళెం కొడతానని అమ్మతో అన్నాను.

ఎందుకని అమ్మ అడగలేదు. పళ్ళెం తుడిచి, గరిటెతో సహా తెచ్చి మెట్ల పక్కన పెట్టింది.