కిటికీలో పెట్టిన పళ్ళెం: బంగారుపాళ్యం నుంచి ఏర్పేడు దాకా

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు కోడి గీసినట్టుంటాయి, ముందే క్షమించండి. ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. మా పక్కింటి రేవతక్క తన ప్రయాణాల గురించి ఫోనులో రాస్తుంటుంది. "నువ్వు పోయొచ్చిందీ కాగితం మీద రాసియ్యిమే, నేను ఎక్కిస్తా" అంది. పాత బడికి కాగితాల కోసం అంత దూరం పోయే ఆడవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఊరి ఆడపిల్లల హాస్టల్ వంటశాలలో ఒక పని ఉంది. బడిలో చదివినట్టు ధ్రువపత్రం శనివారంలోగా తెస్తే ఇస్తామన్నారు. నేను చదివింది ఏర్పేడు అవతల ఒక పల్లెలో. పదమూడేళ్ళ కిందట అక్కడి వెనక గదిలోకి సుద్దముక్కల కోసం పోతే తలుపు మూసుకుపోయింది. చీకట్లో నా పక్కనే ఎవరో ఊపిరి తీసినట్టు వినిపించింది. స్పృహ తప్పాను. పది రోజులు జ్వరం. లేచి కూర్చోగానే నాయన మా అందరినీ బంగారుపాళ్యంలోని అవ్వ ఇంటికి తెచ్చేశాడు. ఆ ఊరికి మళ్ళీ పోలేదు. పెళ్ళయ్యాక కూడా ఇంట్లో చీకటి గదిలోకి ఒక్కదాన్నే పోలేను.

శుక్రవారం పొద్దున ఐదున్నరకు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బులు లేవు. చిత్తూరులో మారి, ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగి, అక్కడ కాళహస్తి బస్సెక్కితే తొమ్మిదిన్నరకు ఏర్పేడు. పల్లెకు ఆటో ఎనభై రూపాయలు. నలుగురు ఎక్కేదాకా ఆగితే ఇరవయ్యే, కానీ నాకు ఆగే ఓపిక లేదు.

"ఆ బడికా?" అన్నాడు ఆటో ఆయన, అద్దంలో నన్ను చూస్తూ. "ఆడ వెనక రూములో ఒక పాప ఉండాది, తెలుసా మా? శానా ఏండ్ల కింద ఆ రూములోనే దడుసుకోని సచ్చిపోయిందంట. దినమ్మూ మజ్జాన్నం దానికి పెట్టినాకే పిల్లోళ్ళకు పెడతారు. పెట్టకపోతే పిల్లోళ్ళను పేరు పెట్టి పిలుస్తాదంట."

ఆ రోజు నా పక్కన ఊపిరి తీసింది ఆ పాపే అనుకున్నాను. వెనక్కి తిప్పమని నోటిదాకా వచ్చింది. హాస్టల్ పని గుర్తు చేసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

హెడ్మాస్టరు కొత్తాయన. పాత రిజిస్టర్లన్నీ వెనక గదిలోనే ఉన్నాయని, రెండు గంటలకు తాను తిరుపతి మీటింగుకు పోవాలని చెప్పాడు. బడి ఊడ్చే మునెమ్మ తాళం తీసింది. "నేను లోపలికి మాత్రం రాను తల్లీ, కోప్పడొద్దు" అని గడప దగ్గరే ఆగిపోయింది. తలుపు పడకుండా ఇటుక పెట్టించుకుని లోపలికి పోయాను. బూజు, ఎలుకల వాసన. ఒక్కో కట్ట విప్పుతూ తలుపు వైపే చూస్తున్నాను. పన్నెండు దాటాక ఏడో తరగతి రిజిస్టరు దొరికింది. అందులో నా పేరు, దాని మీద ఎర్ర సిరా గీత.

అప్పుడే కిటికీ దగ్గర వెలుగు తగ్గింది. చువ్వల అవతల గట్టు మీద ఏదో టంగుమంది. ఒక గొంతు మెల్లగా అంది: "తిను నా తల్లీ. తిని పండుకో. పిల్లోళ్ళ జోలికి రావాకు."

కిటికీ వైపు తిరిగి చూశాను. స్టీలు పళ్ళెంలో వేడి అన్నం, పప్పు, గుడ్డు. పళ్ళెం అంచున చెక్కించిన పేరు నాది. ముందు నాయన పేరులోని మొదటి అక్షరం. నాయన కాళహస్తిలో కొని చెక్కించిన పళ్ళెం అది, ఆ రోజు బడిలోనే ఉండిపోయింది. వాళ్ళు అన్నం పెట్టేది నాకే.

నేను కేక పెట్టాను. కిటికీ అవతల వంటామె నన్ను చూసి అంతకంటే పెద్ద కేక పెట్టింది.

అందరూ వచ్చారు. నేను చదివేటప్పుడు కూడా అక్కడ వంట చేసిన సుబ్బమ్మక్కే, గోడకు ఆనుకుని నిలబడింది. నాయన పేరు చెప్పాను. చిన్నప్పుడు ఆమె వంటగదిలోంచి నాకు బెల్లం ముక్క ఇచ్చిన సంగతి చెప్పాను. ఆమె దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుంది. "నువ్వు సచ్చిపోలేదామే? జొరంతో పోయినావని ఊరంతా అనిరే! మీ నాయన సెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ సేసి పాయె. దయ్యానికి పెట్టి పెట్టి సేతులు పడిపోయె గదే నాకు!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు ఉండటంతో హెడ్మాస్టరు ముందు ఒప్పుకోలేదు. సుబ్బమ్మక్క పళ్ళెం తెచ్చి రిజిస్టరు పక్కన పెట్టింది. రెండింటిలో ఉన్న పేరు చూసి, ఆమె సంతకం తీసుకుని ఆయన కాగితం రాసిచ్చాడు.

ఆ పళ్ళెంలోనే నాకు అన్నం పెట్టారు. పిల్లలెవరూ దగ్గరికి రాలేదు. చివరికి ఒక పాప వచ్చి నా చెయ్యి తాకింది. "సల్లగా లేదు" అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. కాసేపటికి నన్నే అడిగింది: "అయితే అక్కా, లోపల ఉండేదెవురు?"

సుబ్బమ్మక్క పేరు లేని ఇంకో పళ్ళెం తీసి, గరిటెడు అన్నం పెట్టి కిటికీ వైపు నడిచింది. "ఎందుకైనా మంచిదిలేమే" అంది నా వైపు చూడకుండా.

తిరుగు బస్సులో దారంతా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినేదాన్ని నేను. అక్కడ పదమూడేళ్ళు అందరికంటే ముందు నాకు పెట్టారు, బతికి ఉన్నానని తెలియక. ఆ గదిలో ఆ రోజు నేను విన్న ఊపిరి నాది కాదు. అది మాత్రం ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. మీరు పాత బడికి పోతే పదకొండులోపే చేరుకోండి, పెళ్ళికి ముందు పేరున్న వస్తువు ఏదైనా తీసుకుపోండి.

రేవతక్కా, బడికంటే పంపదని చెప్పలేదు, మా అత్తకు నేను కాళహస్తి దర్శనానికి పోయినట్టే తెలుసు. ఆమె ఫోను చూడదు కానీ నా చేతిరాత గుర్తుపడుతుంది. ఎక్కించాక ఈ కాగితాలు నీ పొయ్యిలో వేసెయ్. పగలే వెయ్యి, నేను కూడా వచ్చి పక్కన నిలబడతాను.