మొజాయిక్ కప్పని గొంతు

రాష్ట్రం ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, ఒక వానాకాలం, సెక్స్ వర్కర్ల హక్కుల మీద తీసిన డాక్యుమెంటరీని ఎడిట్ చేసే పని నాకు అప్పగించారు. మా ఎడిటింగ్ గది మారేడ్‌పల్లిలో ఉండేది. ఎడిటర్ షూటింగ్‌కు వెళ్లదు. డైరెక్టర్ తెచ్చిన టేపుల్లోనే మనుషుల్ని చూస్తుంది. ఆఖరి మాట డైరెక్టర్‌దే. ఆ పద్ధతి నాకెన్నడూ నచ్చలేదు, అది వేరే సంగతి.

అందులో ఎక్కువగా మాట్లాడే ఆమెకు లక్ష్మి అని మేమే పేరు పెట్టాం. పోలీసులు కొట్టిన తీరు, ఆస్పత్రి గేటు దగ్గరే వెనక్కి పంపిన తీరు చెబుతుంది. మొహం గళ్లుగళ్లుగా చెదిరిపోయేలా మొజాయిక్ వేశాను. మర్నాడు టేపు టీవీ ఛానెల్‌కు చేరాలి.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. "హలో మేడం" అనగానే లక్ష్మి అని తెలిసిపోయింది. ఆమెను నేనెన్నడూ కలవలేదు. నా నంబరు డైరెక్టర్ దగ్గర తీసుకుందట.

"నా మొఖం కనవడదు గద మేడం? నా బిడ్డ బొల్లారంల హాస్టల్ల ఉంటది. దానికేం తెల్వదు. ఆడ టీవీ ఉన్నది. జెర పరేషాన్‌గున్న."

ఒక్క హలోతో నేను పోల్చుకున్న గొంతును కన్నబిడ్డ పోల్చుకోదా? ఆ మాటే చెప్పి, మీ భాగం తీసేయమంటారా అని అడిగాను.

"వద్దు మేడం. చెప్పిన మాటలుండాలె. చెప్పింది నేనని తెల్వొద్దు, గంతే."

మాటలుంచి గొంతు మార్చాలనగానే డైరెక్టర్ ఎగిరిపడ్డాడు. "ఆ గొంతే నా సినిమా మేడం! అది తీసేస్తే ఏం మిగుల్తది?"

"ఆమె బతుకు మిగుల్తది" అన్నాను.

చివరికి గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మిషన్‌తో గొంతు మందం చేసి చూశాం; దొంగను చూపిస్తున్నట్టుంది. చదవడానికి అప్పటికప్పుడు ఆర్టిస్టు దొరకలేదు. మైకు ముందు నేనే కూర్చుని, ఆమె మాటలు ఒక్కటీ మార్చకుండా చదివాను.

ప్రసారమైనంతసేపూ టీవీని కాదు, ఫోన్‌నే చూస్తూ కూర్చున్నాను. ముందు వచ్చిన ఫోన్ మా పెద్దాడపడుచుది.

"ఏందే, టీవీల ఆ గొంతు నీదేనా? చుట్టాలంత అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

"నాదేనని చెప్పు వదినా" అన్నాను. చుట్టాల్లో రెండిళ్లవాళ్లు చాలాకాలం నాతో మాట్లాడలేదు. పెద్ద నష్టమేం కాదు.

లక్ష్మి వారం తర్వాత ఫోన్ చేసింది. "బిడ్డ చూసిందట మేడం. పాపం, ఎవరో గానీ మస్తు మాట్లాడింది అన్నది."

అప్పటినుంచి, మనిషిని దాచాల్సిన ఏ సినిమా అయినా సరే, తెర ఆపేసి మొదటినుంచి చివరిదాకా ఒకసారి వినకుండా బయటికి పంపలేదు. మొజాయిక్ వేస్తే పని అయిపోయిందనుకునే ఎడిటర్లు ఇప్పటికీ ఉన్నారు. అయిపోదు.