పెంకు కింది తండ్రి

చేతులకు కళ్లుంటాయంటే ఎవరూ నమ్మరు గానీ, బందరు దగ్గర ఉప్పుటేట్లో మాబు చేతులకు ఉండేవి. వల లేదు, గాలం లేదు. ఏటి అడుగున కుండపెంకులు బోర్లించేవాడు. మర్నాడు మొలలోతు నీళ్లలో వంగి, పెంకు కింద చెయ్యి పెట్టి ఇసకదొందును తీసేవాడు. ఇసక రంగులో, ఇసకను కరుచుకుని పడుకునే చేప అది. మామూలప్పుడు మనిషి నీడ పడితేనే మాయమవుతుంది. పెంకు కింద దూరిందంటే మాత్రం వేలు తగిలినా కదలదు. దానికి బద్ధకం ముదిరిందని మాబు నవ్వేవాడు. తర్వాత పెంకుకు అంటిన జిగురును గోకి, కడిగి, మళ్లీ బోర్లించేవాడు. పని శుభ్రంగా ఉండాలని పట్టుదల మరి.

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత రెండేళ్లకు దొందులు బాగా తగ్గిపోయాయి. మాబుకు కోపం వచ్చింది. కోపానికి ఒక మనిషి కావాలి కదా, పై రేవులో వల వేసుకునే యేసుదాసు దొరికాడు. అతను నీళ్లలో పురుగుమందు కలుపుతున్నాడని పెద్దల ముందు చెప్పాడు. కళ్లారా చూశావా అంటే, చూడక్కర్లేదు, నా చేతులకు తెలుసన్నాడు. ఆ చేతుల మీద నమ్మకంతోనే పెద్దలు యేసుదాసును ఏట్లో దిగొద్దన్నారు. అప్పటినుంచి అతను గిలకలదిండి చేపల హార్బరులో ఐసు మోస్తున్నాడు.

ఆ వేసవిలోనే గుడివాడ నుంచి గోవర్ధనరావనే లెక్చరరు దొందుల బతుకు చూద్దామని వచ్చాడు. మాబు పొంగిపోయి చేపను తీసి చూపించి, అలవాటుగా పెంకు గోకబోయాడు. లెక్చరరు ఆపి, పెంకు మీద భూతద్దం పట్టి చూడమన్నాడు. జిగురు నిండా వందల గుడ్లు, ప్రతి గుడ్డులో రెండు నల్లచుక్కలు.

"కళ్లండీ అవి. మీ చేతిలో ఉన్నది వాటి తండ్రి. కాపలా కాస్తోంది, అందుకే పారిపోదు."

మాబుకు తల కొట్టేసినట్టయింది. ఎన్నేళ్ల పెంకులు, ఎంత శుభ్రంగా గోకాడు! చేపను వదిలేసి, పెంకును ఉన్నచోటే బోర్లించాడు. యేసుదాసు మొహం గుర్తొచ్చి, సిగ్గుతో లెక్చరరు వైపు మళ్లీ చూడలేకపోయాడు.

మర్నాడు గిలకలదిండి వెళ్లాడు. యేసుదాసు భుజాన గోనె మడిచి వేసుకుని ఐసు దిమ్మ మోస్తున్నాడు.

"ఏట్లో ఏ మందూ లేదు బావా. అంతా నా చేతులే చేశాయి."

యేసుదాసు దిమ్మ దించలేదు.

"నేను కలపలేదని నాకు తెలుసు. ఆ మాట పెద్దలకి చెప్పు."

మాబు వెంటనే బయల్దేరాడు. దారి పొడుగునా చేతులు రెండూ చంకల్లో దాచుకునే నడిచాడు.